పాత బొమ్మ, కొత్త బొమ్మ: ఒకే గదిలో పెట్టాలంటే

(పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు)

పాతకాలపు వస్తువుల పక్కన ఇప్పటి కళాకారుల పనులు పెట్టి ప్రదర్శన చేయాలన్న ఉత్సాహం మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కాలేజీలకీ కళాసంఘాలకీ బాగానే వచ్చినట్టుంది. ఆ సంగతుల మీద వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మా కాలేజీ చరిత్ర విభాగంలో పన్నెండు పాత తోలుబొమ్మలున్నాయి. మా ఊరి కుర్రాడొకడు ఫైనార్ట్స్ చదివి వచ్చి, రేకులకు తోలుబొమ్మల్లాగే చిల్లులు కొట్టి, వెనక ఎల్ఈడీ లైట్లు పెట్టి నిలువెత్తు బొమ్మలు చేశాడు. రెండూ కలిపి రెండు నెలలు చూపించాలనుకుంటున్నాం. పాతవాటి వెనక కూడా అవే లైట్లు పెడదామంటాడు. ‘ఆడేరోజుల్లో అవి దీపం ముందు ఉండేవే కదా’ అని అతని వాదన. పెట్టొచ్చా?
– చరిత్ర అధ్యాపకురాలు, కావలి

జవాబు: వాదన వినడానికి బాగుంది, లెక్క మాత్రం కుదరదు. ఆటలో ఒక్కో బొమ్మ తెర మీద ఉండేది కొన్ని నిమిషాలు. పని అయిపోగానే తిరిగి పెట్టెలోకి పోయేది. అది కూడా ఆముదపు దీపం వెలుగు. మీ ప్రదర్శనలో రోజుకు ఎనిమిది గంటల చొప్పున అరవై రోజులు లైటు పడుతూనే ఉంటుంది. రంగు వెలిసేది ఒక్కసారిగా పడే వెలుగు వల్ల కాదు, మొత్తం పడిన వెలుగు వల్ల. వెలిసిన రంగు మళ్ళీ రాదు.

లెక్క ఇలా వేయండి. వెలుగును లక్స్‌లో కొలుస్తారు. ట్యూబులైటు ఉన్న మామూలు గదిలో 150 నుంచి 300 లక్స్ ఉంటుంది, పగలు కిటికీ దగ్గర వెయ్యి దాటుతుంది. త్వరగా వెలిసే రంగులున్న వస్తువులకు 50 లక్స్ మించకూడదనీ, ఏడాది మొత్తానికి 15,000 లక్స్-గంటలు దాటకూడదనీ సీఐఈ అనే అంతర్జాతీయ కాంతి ప్రమాణాల సంస్థ 2004లో చెప్పింది. అంటే 50 లక్స్ దగ్గర 300 గంటలు. రోజుకు ఎనిమిది గంటలైతే ముప్ఫై ఏడు రోజులకే ఆ ఏటి వాటా అయిపోతుంది. ఆకుల రసాలు, పువ్వుల రంగులు వేసిన పాత బొమ్మలైనా, తర్వాత వచ్చిన సీసా సిరాలు వేసినవైనా ఈ కోవలోవే.

మీ దగ్గర పన్నెండు బొమ్మలున్నాయి కాబట్టి దారి సులువు. మొదటి ముప్ఫై రోజులు ఆరు, తర్వాత ముప్ఫై రోజులు మిగతా ఆరు పెట్టండి. ఒక్కోదానికి 12,000 లక్స్-గంటలతో సరిపోతుంది. మిగిలింది విద్యార్థులు రాసుకోవడానికి, ఫొటోలకు వాడుకోవచ్చు. మనిషి దగ్గరకొస్తే వెలిగి కాసేపటికి ఆరిపోయే మోషన్ సెన్సర్ స్విచ్ పెడితే ఇంకా మిగులుతుంది. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది, పెద్ద ఖర్చు కాదు.

వెనక నుంచి వెలుగు ఇవ్వాలనే ఉంటే ఇవ్వండి, కానీ కొలత తీసేది దీపం వైపు నుంచి, చూసేవాళ్ళ వైపు నుంచి కాదు. అక్కడే చాలామంది పొరబడతారు. తోలులోంచి వడగట్టుకుని వచ్చిన వెలుగు ఇవతల 20 లక్స్ చూపిస్తుంటే అవతల 200 పడుతుండొచ్చు. 3 నుంచి 5 వాట్ల వామ్‌వైట్ ఎల్ఈడీ, దాని ముందు పాలరంగు అక్రిలిక్ షీటు, షీటుకీ బొమ్మకీ మధ్య కనీసం ఒక అడుగు ఖాళీ పెట్టండి. దీపం వైపు కొలత 50 లక్స్ దాటితే ఇంకా దూరం జరపండి. హాలోజెన్ బల్బు వద్దే వద్దు. ఆ వేడికి తోలు బిగుసుకుని అంచులు మెలిపడతాయి. కొలవడానికి ఫోన్‌లో యాప్‌ని నమ్మకండి. ఒక్కో ఫోను ఒక్కో అంకె చెబుతుంది. ఫిజిక్స్ ల్యాబులో లక్స్ మీటరుందేమో అడగండి, లేకపోతే ఒకటి కొనండి.

ఇక అసలు చిక్కు ఆ కుర్రాడి రేకు బొమ్మలతో. వాటి వెలుగు గదంతా పరుచుకుంటుంది. దాని పక్కన 50 లక్స్‌లో ఉన్న పాత బొమ్మ మసిబారినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు ‘కాస్త లైటు పెంచండి’ అంటారు, మీరు పెంచుతారు, అంతటితో ఈ లెక్కంతా పోతుంది. అందుకే వరుస ముఖ్యం. ఎండలోంచి వచ్చినవాళ్ళ కళ్ళు మసక వెలుగుకు అలవాటుపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గుమ్మం దగ్గర నల్లగుడ్డ కట్టిన చిన్న మలుపు దారి, అందులో పరిచయ బోర్డు పెట్టండి. తర్వాత పాత బొమ్మలు, ఆ తర్వాత గోడ మలుపు తిరిగితే రేకు బొమ్మలు. పక్కపక్కనే ఉండాల్సిందేనని కళాకారుడు పట్టుబడితే తన లైటు తగ్గించుకోమనండి. డిమ్మర్ అతని దాన్లో ఉంటుంది గానీ నూరేళ్ళ తోలులో ఉండదు.

బొమ్మను కీళ్ళ దగ్గర దారాలతో వేలాడదీయకండి. భుజం, మోచేయి, మోకాలి ముడులు ఆ బరువును రెండు నెలలు మోయలేవు, చిల్లు చీలుతుంది. 15 నుంచి 20 డిగ్రీల వాలు పలక మీద గంజిలేని, ఉతికిన నూలుగుడ్డ పరిచి పడుకోబెట్టండి. వెనక వెలుగు కావాలంటే అదే వాలులో ఇంకో అక్రిలిక్ పలక పెట్టి, మధ్య బద్ద కింద రెండు మూడు చోట్ల ఆసరా ఇవ్వండి. బూజు కనిపిస్తే బయటికి తీసుకెళ్ళి, మూతికి మాస్కు కట్టుకుని, మెత్తటి బ్రష్షుతో దులపాలి. తడిగుడ్డ, కొబ్బరినూనె, వార్నిష్ ఏవీ తగలకూడదు. నూనె రాస్తే ఆ రోజు నిగనిగలాడుతుంది, తర్వాత దుమ్ము పట్టి జిడ్డు ముద్దవుతుంది.

ఒక హెచ్చరిక. పాత బొమ్మల్లో దేవుళ్ళ పాత్రలకు జింకతోలు వాడిన ఆనవాయితీ ఉంది. అలాంటిది ఉందని అనుమానం వస్తే వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) కింద కాగితాలు కావాలి. ఊరు దాటించే ముందు అటవీ శాఖ కార్యాలయంలో అడగండి.

ప్రశ్న: ఈమధ్య ఒక ప్రదర్శనలో పాత ఇత్తడి కుంచం పక్కన ప్లాస్టిక్ డబ్బాల గుట్ట పోసి దాన్ని కళ అన్నారు. పెద్దల వస్తువులకు ఇది అవమానం కాదా? ఎక్కడైనా ఇలా చేస్తారా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఆత్మకూరు

జవాబు: చేస్తారు, చాలాకాలం నుంచే. అమెరికాలో బాల్టిమోర్‌లోని మేరీల్యాండ్ హిస్టారికల్ సొసైటీలో 1992లో ఫ్రెడ్ విల్సన్ అనే కళాకారుడు కొత్తగా బొమ్మలేవీ చేయకుండా ఆ మ్యూజియం సామానునే తిరిగి సర్దాడు. నగిషీ వెండి పాత్రలున్న అద్దాల పెట్టెలో బానిసల కాళ్ళకు వేసిన ఇనుప సంకెళ్ళు పెట్టి, పైన ‘లోహపు పని, 1793–1880’ అన్న పేరు మాత్రం రాశాడు. రెండూ ఆ మ్యూజియంవే, ఎప్పుడూ ఒకచోట పెట్టినవి కావంతే. మన దేశంలో ముంబయి బైకుల్లాలోని డాక్టర్ భావ్ దాజీ లాడ్ మ్యూజియం మరమ్మతులయ్యాక 2008లో మళ్ళీ తెరుచుకుంది. అప్పటినుంచి సుదర్శన్ శెట్టి, జితీశ్ కల్లాట్ వంటి కళాకారుల పనులను దాని పాత మట్టిబొమ్మల మధ్య, అద్దాల బీరువాల మధ్య చూపించింది.

మీరు చూసినది అవమానమో కాదో తేల్చడానికి ఒక పద్ధతి చెబుతాం. కొత్తదాన్ని మనసులో తీసేసి చూడండి. కుంచం మునుపటిలాగే కనిపిస్తే ఆ డబ్బాల గుట్ట దండగ. అదే ఆ గుట్టలో లీటరు, అరలీటరు, పావులీటరు డబ్బాలు వరుసగా ఉండి, పక్కన మానిక, తవ్వ, సోల కూడా ఉంటే, కల్లంలో కొలిచిన చేతులేవి, గింజ పోగొట్టుకున్న చేతులేవి అన్న ప్రశ్న చూసేవాళ్ళకు తట్టొచ్చు. అప్పుడు కుంచం అలంకారం కాకుండా మళ్ళీ కొలత పాత్ర అవుతుంది. అది మర్యాదే. వరి పండే జిల్లాలో ఆ మాట అనగలిగితే మంచి పనే.

పక్కన పెట్టినంత మాత్రాన సంభాషణ పుట్టదు. మార్కాపురం పలక పక్కన సెల్‌ఫోన్ పెట్టే ఆలోచన ప్రతి కళాకారుడికీ మొదటి రోజే వస్తుంది. రెండో రోజుకి దాన్ని వదిలేసినవాడి పని చూడటానికి మేం వెళతాం. పలకరాయి పొరలు పొరలుగా ఎలా విడుతుంది, గనిలో దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది అని అడిగినవాడైతే ఇంకా త్వరగా వెళతాం.

ప్రశ్న: ఉదయగిరి పాత చెక్క గరిటెలు, స్పూన్లు సేకరించాం. ఒక కళాకారిణి వాటి చుట్టూ నేలమీద వడ్లు, ఊక పోసి, మామిడి తోరణాలు కట్టి ఇన్‌స్టలేషన్ చేస్తానంటున్నారు. పురుగు పడుతుందని మా కమిటీలో కొందరి భయం.
– కళాసంఘం కార్యదర్శి, ఒంగోలు

జవాబు: కమిటీ వాళ్ళ భయం నిజమే. నర్ది, బిక్కి, కల్ది లాంటి అడవి కర్రలతో చేసిన ఉదయగిరి సామాను గట్టిదే కానీ వార్నిష్ లేని కర్ర, పురుగుకు అడ్డం లేదు. వడ్లలో ముక్కపురుగు కర్ర జోలికి రాదు, నిజమే. కానీ ఊక, ఎండుటాకులు, చచ్చిన పురుగులు కలిస్తే వాటి వెంట ఇంకో రకాలు వస్తాయి. వాటిలో తోలు, ఉన్ని తినేవీ ఉంటాయి. పక్క గదిలో తోలుబొమ్మలుంటే నష్టం అక్కడ తేలుతుంది.

ముందు గరిటెల సంగతి చూడండి. ఒక్కోదాన్ని నల్ల కాగితం మీద పెట్టి వారం రోజులు కదపకండి. కాగితం మీద పిండిలాంటి పొడి రాలితే లోపల పుచ్చు పురుగు బతికే ఉంది. పాత బెజ్జాలు మాత్రమే ఉండి పొడి రాలకపోతే భయం లేదు. పొడి రాలినదాన్ని మందమైన పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి పిండేసి, మూతి టేపుతో గట్టిగా మూసి డీప్ ఫ్రీజర్‌లో వేయండి. మన దుకాణాల్లో ఉండే ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ మైనస్ 18 నుంచి మైనస్ 20 డిగ్రీల దాకా పోతుంది. ఆ చలిలో పూర్తిగా రెండు వారాలు ఉండాలి. మధ్యలో కరెంటు ఎక్కువసేపు పోతే మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క. బయటికి తీశాక ఇరవై నాలుగు గంటలు సంచి విప్పకూడదు. విప్పితే గాలిలోని తేమ చల్లటి కర్ర మీద నీళ్ళయి దిగుతుంది, సంచి ఉంటే ఆ చెమట సంచి పైనే పడుతుంది. లక్క పూత, రంగు పూత మందంగా ఉన్నవాటికి, దంతం అతికినవాటికి ఈ వైద్యం పనికిరాదు. పూత చిట్లుతుంది.

వడ్లకూ ఊకకూ ఇదే పద్ధతి: బాగా ఎండబెట్టి, చిన్న సంచుల్లో రెండు వారాలు ఫ్రీజర్. ఆ తర్వాతే గదిలోకి. వడ్లకూ గరిటెలకూ మధ్య గాజు ఉండాలి, అంటే గరిటెలు పెట్టెలో, వడ్లు పెట్టె చుట్టూ. రోజూ సాయంత్రం రాలిన గింజల్ని ఊడ్చాలి, లేకపోతే ఎలుకలకు మీరే పిలుపు పంపినట్టు. పచ్చి మామిడాకులు, పూలు, నీళ్ళు నింపిన బిందెలు ఆ గదిలో వద్దు. తోరణం గుమ్మం బయట కట్టండి, అసలు దాని చోటే అది. కళాకారిణి నొచ్చుకుంటే కాగితం తోరణమో రాగి రేకు తోరణమో చేయమనండి. కొన్నిసార్లు ఆ అడ్డంకి వల్లే పని బాగుపడుతుంది.

నాఫ్తలీన్ ఉండలు వేయొద్దు. మూత లేనిచోట వాటితో పురుగు చావదు, వాసనకు మనుషులకు తలనొప్పి, పైగా థర్మాకోల్‌కి తగిలితే దాన్ని కరిగిస్తాయి.

ప్రశ్న: ప్రదర్శన అయిపోయి పెట్టె తెరిస్తే మా కంచు విగ్రహం మీద లేత ఆకుపచ్చ పొడి చుక్కలు చుక్కలుగా ఉంది. వెళ్ళేటప్పుడు లేదు. కొత్త ప్లైవుడ్ షోకేసు, ఏసీ హాలు, అంతా బాగానే చేశారు. చింతపండు పెట్టి తోమొచ్చా?
– పాఠకుడు, కందుకూరు

జవాబు: తోమకండి. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి పొడి ఏదీ తాకనివ్వకండి. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి ఇది ‘కంచు జబ్బు’ అని పిలిచేది కావచ్చు. పాత కంచులో, ముఖ్యంగా భూమిలో ఉండి వచ్చినదాన్లో, సముద్రపు గాలి తగిలినదాన్లో, ఉప్పు తాలూకు క్లోరైడు లోపల దాగి ఉంటుంది. తేమ, గాలి తగలగానే అది రాగిని తినడం మొదలుపెడుతుంది. ఆ పనిలో మళ్ళీ ఆమ్లం పుట్టి ఇంకా తింటుంది. అందుకే తుడిచినా తిరిగి వస్తుంది. జిడ్డుగా, మైనంలా గోటికి అంటుకునే పచ్చదనం వేరు. అది పూజ నూనె రాగితో కలిసినది, అంత ప్రమాదం కాదు. పొడిపొడిగా రాలితేనే కంగారు పడాలి.

ఇప్పుడు చేయాల్సింది: చేతికి తొడుగు వేసుకుని విగ్రహాన్ని గాలి చొరబడని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. నలభై లీటర్ల డబ్బాకి ఒక కిలో ఆరెంజి రంగు సిలికా జెల్ గుడ్డ సంచుల్లో వేసి, చిన్న తేమ మీటరు లోపల పెట్టండి. తేమ 40 శాతం కంటే కిందికి దిగి అక్కడే ఉండాలి. జెల్ రంగు మారితే ఓవెన్లో 110–120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేసి, చల్లారాక మళ్ళీ వాడండి. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ ఉంటుంది, చేతులతో పట్టుకునే చోట అది వద్దు. ఇది మందు కాదు, జబ్బును ఆపి ఉంచడం మాత్రమే. వైద్యం నిపుణులదే. మనకు దగ్గరలో చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో 1930 నుంచి లోహ విగ్రహాల సంరక్షణ చేస్తున్న రసాయన ప్రయోగశాల ఉంది. ముందు ఫొటోలు పంపి సలహా అడగండి.

‘అంతా బాగానే చేశారు’ అన్నారు గానీ, మీరు రాసినదాంట్లోనే అనుమానించాల్సినవి రెండున్నాయి. ఒకటి, కొత్త ప్లైవుడ్. దాన్ని అతికించిన జిగురు, కర్ర కలిసి నెలల తరబడి ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి. మూసిన పెట్టెలో అవి విగ్రహం చుట్టూనే ఉంటాయి. గాజు అతికించిన సిలికాన్ వెనిగర్ వాసన కొట్టేదైతే అదీ తోడవుతుంది. ట్యూబు మీద ‘న్యూట్రల్’ అని ఉన్నదే కొనాలి. పౌడర్ కోటింగ్ చేసిన అల్యూమినియం చట్రం, గాజు అన్నిటికంటే మేలు. ప్లైవుడ్ తప్పకపోతే లోపలివైపు అల్యూమినియం రేకు కాగితం సందులేకుండా అతికించి, నాలుగు వారాలు తలుపు తెరిచి ఆరబెట్టాలి. ప్రారంభోత్సవం ముందురోజు రాత్రి పెయింటు వేసే అలవాటుంది చూశారూ, చాలా నష్టాలకు అదే మూలం. వెండి ఉన్న పెట్టెలో ఉన్ని గుడ్డ, రబ్బరు షీటు కూడా వద్దు. వాటిలోని గంధకానికి వెండి నల్లబడుతుంది.

రెండోది ఏసీ. పగలు ఎనిమిది గంటలు 24 డిగ్రీల్లో ఉంచి, రాత్రి ఆపేసి వెళతారు. ఆపగానే మన తీరప్రాంతపు ఉక్కగాలి లోపలికి వచ్చి చల్లబడిన వస్తువుల మీద తేమగా దిగుతుంది. ఇది రోజూ ఒకసారి జరుగుతుంది. ఇరవై నాలుగు గంటలూ ఏసీ నడపలేమనుకుంటే అసలు వేయకండి. ఫ్యాన్లు, నీడ, గట్టిగా మూసిన పెట్టెలో సిలికా జెల్, ఇవి చాలు. మనుషులకు కాస్త చెమట పడుతుంది, ఫరవాలేదు.

ప్రశ్న: నెల్లూరులో ఒక హాలు తీసుకుని ప్రదర్శన చేద్దామనుకుంటున్నాం. ప్రభుత్వ మ్యూజియం నుంచి శిల్పాలు అడిగితే ఇస్తారా?
– యువ కళాకారుల బృందం, నెల్లూరు

జవాబు: అసలు శిల్పం మామూలు హాలుకి ఇస్తారని ఆశ పెట్టుకోకండి. అడగాల్సింది రాష్ట్ర పురావస్తు, మ్యూజియంల శాఖను. ఆరు నెలల ముందు రాతపూర్వకంగా అడగాలి. ఏ వస్తువు, ఎందుకు, ఎన్ని రోజులు అన్నది ఒక కాగితం. హాలు గోడలు, తలుపులు, తాళాలు, అగ్నిమాపక పరికరాలు, సీసీ కెమెరాలు, రాత్రి కాపలా, తేమ, వెలుగు వివరాలు ఇంకో కాగితం. బీమా ‘మేకు నుంచి మేకు దాకా’ ఉండాలి, అంటే అక్కడి గోడ నుంచి తీసిన క్షణం నుంచి మళ్ళీ అక్కడే తగిలించే దాకా. ఇచ్చేటప్పుడూ పుచ్చుకునేటప్పుడూ ఇరుపక్షాలూ సంతకం చేసే స్థితి నివేదిక ఉండాలి: ముందు, వెనక, పక్కల ఫొటోలు, స్కేలు పక్కన పెట్టి తీసినవి, టార్చి పక్కనుంచి వేసి గీతలూ పగుళ్ళూ కనిపించేలా తీసినవి. పాత పగులుకు మీ దగ్గర ఫొటో లేకపోతే అది మీ ఖాతాలో పడుతుంది. పెట్టె వచ్చాక ఒక రోజంతా విప్పకుండా హాల్లో ఉంచి, తర్వాత తెరవాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే మన ప్రాంతపు అనుభవమే చెబుతుంది. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం నుంచి దొంగల పాలైన సున్నపురాతి ఫలకం ఒకటి చేతులు మారి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాకా పోయింది. వాళ్ళు దాన్ని 2005లో కొన్నారు, 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చారు. అలాంటివి వెనక్కి రావాలంటే అంతకుముందు తీసి ఉంచిన ఫొటోలే ఆధారం.

దీన్ని తిరగేసి ఆలోచించండి. శిల్పాన్ని హాలుకు తేవడం కంటే మీ పనుల్ని శిల్పం దగ్గరికి తీసుకెళ్ళడం తేలిక. చందవరంలో, నాగులుప్పలపాడు మండలం కనుపర్తిలో శాఖవారి మ్యూజియంలున్నాయి. అక్కడ చూపించడానికి అనుమతి అడగండి. కావాల్సింది మేకు కొట్టనవసరంలేని, దానంతటది నిలబడే స్టాండు, బరువు కొద్దిగా ఉండే పని, శిల్పానికి కనీసం ఒక మీటరు దూరం. మంట, పొగ, నీళ్ళు, రంగు చిందేవి ఉండకూడదు. చక్రాల కుర్చీ పోవడానికి దారి 120 సెంటీమీటర్లు వదలాలి. ఈ హద్దుల్లో పని చేయలేని కళాకారుడికి ఆ చోటు ఇంకా అర్థం కాలేదనే అనుకోవాలి.

ప్రశ్న: మా ఇంట్లో ముత్తాతల నాటి పంచలోహ విగ్రహం ఉంది. ప్రదర్శనకు అడుగుతున్నారు. చట్టం ఏమంటుంది? పొలంలో దొరికిన చిన్న రాతి విగ్రహం కూడా ఉంది.
– పాఠకుడు, దర్శి

జవాబు: రెండూ వేర్వేరు సంగతులు. నూరేళ్ళు దాటిన విగ్రహం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది (రాతప్రతులకైతే డెబ్భై ఐదేళ్ళు). ఇంట్లో ఉంచుకోవచ్చు, కానీ లోహ, రాతి శిల్పాలను రిజిస్టరు చేయించాలి. ఫొటోలు జతచేసి రిజిస్టరింగ్ అధికారికి దరఖాస్తు ఇస్తే సర్టిఫికెట్ ఇస్తారు. అమ్మినా, ఇతరులకు రాసిచ్చినా ఆ అధికారికి తెలియజేయాలి. దేశం దాటించడం నేరం. ప్రదర్శనకు ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్ నకలు ఇవ్వండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి. సర్టిఫికెట్ అడగని నిర్వాహకుడికి వస్తువు ఇవ్వకపోవడమే మంచిది.

పొలంలో దొరికినదాన్ని మీదే అనుకుని ఉంచేసుకోకూడదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన దేన్నైనా కలెక్టరుకు తెలియజేయాలి. ముందు తహసీల్దారు కార్యాలయంలో రాసిచ్చి రసీదు తీసుకోండి. దొరికిన చోటు గుర్తుపెట్టుకుని చెప్పండి, పురావస్తు శాఖకు విగ్రహం ఎంత ముఖ్యమో ఆ చోటూ అంతే.

ప్రశ్న: నా శిల్పాన్ని ఒక సంస్థ కొని, ప్రదర్శన తర్వాత సగం కోసి, రంగు మార్చి గేటు దగ్గర పెట్టింది. కొన్నాం కాబట్టి మా ఇష్టమంటున్నారు.
– శిల్పి, నెల్లూరు జిల్లా

జవాబు: వాళ్ళ ఇష్టం కాదు. కాపీరైట్ చట్టం (1957) 57వ సెక్షన్ ప్రకారం, పని అమ్మేసినా సరే, మీ పరువుకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే ప్రశ్నించే హక్కు మీకే ఉంటుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ నుంచి తన కుడ్యశిల్పాన్ని తొలగించి పాడుచేశారని అమర్‌నాథ్ సెహగల్ వేసిన కేసులో 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగి ఇచ్చి ఐదు లక్షల రూపాయలు చెల్లించమని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. అయితే కొన్నవాళ్ళు మీ పనిని ప్రదర్శించకుండా గోదాములో పెట్టుకుంటే దాన్ని ఈ సెక్షన్ తప్పుగా ఎంచదు. ముందుగా మార్పు చేయకముందు ఫొటోలు, తర్వాత ఫొటోలు, అమ్మిన రసీదు పెట్టి లాయరు నోటీసు ఇప్పించండి. ఇకమీదట అమ్మేటప్పుడు, విడదీయాల్సి వస్తే ముందు మీకు చెప్పాలనీ, పోస్టర్లకు వాడాలంటే మీ అనుమతి కావాలనీ రెండు వాక్యాలు రసీదులోనే రాయించుకోండి.

ప్రశ్న: లేబుళ్ళు ఎంత పెద్దగా ఉండాలి? కళాకారుడి పేరు ఉంది, పాత వస్తువు చేసినవాళ్ళ పేరు తెలియదు. ఏం రాయాలి?
– విద్యార్థిని, ఒంగోలు

జవాబు: తెలుగులో వత్తులూ గుడులూ ఉంటాయి కాబట్టి 24 పాయింట్ల కంటే తగ్గకండి. మసక వెలుగు గదిలో 30. మెరవని తెల్లటి కాగితం, నల్లటి అక్షరాలు, వరుసల మధ్య దండిగా చోటు. అరవై డెబ్భై మాటలు దాటితే ఎవరూ చదవరు. బొమ్మల మధ్యభాగం నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో, లేబుల్ 120–130 ఎత్తులో ఉంటే పిల్లలకూ చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకూ అందుతుంది. పాత వస్తువు మీద టేపు, జిగురు, స్టిక్కరు ఏదీ అంటించకూడదు. లేబుల్ గోడకో స్టాండుకో ఉండాలి.

పేర్ల సంగతి మంచి ప్రశ్న. నేటి కళాకారుడి పేరు బోర్డంత అక్షరాల్లో, తోలుబొమ్మ చేసినవాడి చోట ‘అజ్ఞాత’ అన్న ఒక్క మాట, ఇది చాలా ప్రదర్శనల్లో కనిపించే అన్యాయం. ఆ మనిషికి పేరు లేక కాదు, సేకరించినవాళ్ళు రాసుకోలేదు. ఆ మాటే రాయండి, ఇద్దరికీ ఒకే సైజు అక్షరాల్లో. నమూనాగా:

‘తోలుబొమ్మ, హనుమంతుడు. మేకతోలు, రంగులు, వెదురుబద్ద, నూలుదారం. చేసినవారి పేరు సేకరించినప్పుడు నమోదు చేయలేదు. కుడి మోచేతి దగ్గర పాత అతుకు ఉంది, ఆడేరోజుల్లోనే వేసినది.’

అతుకు ఆడేరోజుల్లోదేనని దారం, కుట్టు చూసి నిర్ధారించుకున్నాకే ఆ చివరి మాట రాయండి. లేకపోతే ‘పాత అతుకు ఉంది’ దగ్గర ఆపేయండి.